మొదటి మ్యాచ్ గెలిస్తేనే ఊరంతా ఇంత సంబరమా? టెక్సస్ హైస్కూల్ ఫుట్‌బాల్ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాన్ని, తీరిగ్గా చదువుకోవడానికి వీలుగా ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. మాటకు మాట కావాలనుకునేవాళ్లకి పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ కిందే ఉంది.

ప్రశ్న పంపింది డాలస్‌కి ఉత్తరాన ఒక వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్ట్ చేసే శ్రోత. ఆగస్టు ఆఖరి శనివారం పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే కార్ల అద్దాల మీద తెల్ల రంగుతో రాతలు కనిపించాయట. కాఫీ కోసం ఆగిన గ్యాస్ స్టేషన్‌లో ముందు రాత్రి హైస్కూల్ మ్యాచ్ తప్ప వేరే మాట లేదట. ఆయన సందేహం రెండు ముక్కలు. ఒకటి: "సీజన్‌లో మొదటి మ్యాచే కదా గెలిచింది, కప్పు కొట్టినట్టు ఏమిటీ గోల?" రెండోది: తొమ్మిదో తరగతిలో చేరిన వాళ్లబ్బాయి స్కూల్ బ్యాండ్‌లో ఉన్నాడు, మ్యాచ్‌కి రమ్మని అడుగుతున్నాడు. ఆట తెలీదు, మనుషులు తెలీదు, పైగా శుక్రవారం షిఫ్ట్. వెళ్లాలా?

మా అమ్మాయి కూడా నాలుగేళ్లు ఇక్కడి స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించింది. ఆ నాలుగేళ్లూ గ్యాలరీలో కూర్చుని చూసినవి, అడిగి తెలుసుకున్నవి చెప్తాను.

ముందు ఒక విచిత్రం: ఆ గెలుపు లెక్కలోకి రాదు

టెక్సస్‌లో ప్రభుత్వ హైస్కూళ్ల పోటీలు నడిపేది యూఐఎల్, అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్. వందేళ్లు దాటిన సంస్థ. పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్లను 1ఏ నుంచి 6ఏ వరకు ఆరు తరగతులుగా విడదీస్తుంది. ఒక్కో తరగతిలో దగ్గరదగ్గర స్కూళ్లను కలిపి 'డిస్ట్రిక్ట్' అంటుంది. మన జిల్లాకీ దీనికీ సంబంధం లేదు, క్రికెట్ టోర్నీల్లో గ్రూప్ లాంటిదనుకోండి.

ఆగస్టు చివర్నుంచి నవంబర్ మొదటి వారాల దాకా వారానికొకటి చొప్పున పది మ్యాచ్‌ల వరకు ఆడతారు. సాధారణంగా మొదటి రెండు మూడు మ్యాచ్‌లు డిస్ట్రిక్ట్ బయటి జట్లతో ఉంటాయి. ప్లేఆఫ్స్‌కి వెళ్లేది సాధారణంగా డిస్ట్రిక్ట్‌లో మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లు. ఆ స్థానాలు తేలేది డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లతోనే. అంటే ఆ శుక్రవారం గెలిచినా, ఓడినా, ప్లేఆఫ్స్ పట్టికలో తేడా రాదు. తర్వాత నాకౌట్. పెద్ద స్కూళ్ల ఫైనల్స్ డిసెంబర్‌లో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో, అంటే డాలస్ కౌబాయ్స్ సొంత మైదానంలో జరుగుతాయి. అక్కడ గెలవాలంటే మొత్తం పదహారు మ్యాచ్‌ల దాకా ఆడాలి.

మరి పదహారులో ఒకటోదానికి, అదీ లెక్కలోకి రానిదానికి, ఇంత సంబరం ఎందుకు? మనవాళ్లకి ఇది అర్థం కావడం నిజానికి చాలా తేలిక. పెద్ద హీరో సినిమా బెనిఫిట్ షో గుర్తు తెచ్చుకోండి. సినిమా వంద కోట్లు చేస్తుందా, రెండో వారానికి లేచిపోతుందా అన్నది ఆ తెల్లవారుజామున ఎవరికీ తెలీదు. అయినా కాగితాలు ఎగరేస్తారు, ఈలలు వేస్తారు, ఇంటర్వెల్‌కే టాక్ బయటికి వచ్చేస్తుంది. మొదటి మ్యాచ్ ఇక్కడివాళ్లకి బెనిఫిట్ షో.

కాకపోతే ఒక తేడా ఉంది. తెర మీద ఉన్నది హీరో కాదు, పక్కింటి కుర్రాడు.

ఎదురుచూపు ఎందుకంత బలంగా ఉంటుంది

మూడు కారణాలు చెప్తాను.

మొదటిది, విరామం. ప్లేఆఫ్స్‌కి చేరని జట్టు నవంబర్ మొదట్లోనే ఇంటికెళ్లిపోతుంది. మళ్లీ అసలు మ్యాచ్ ఆడేది ఆగస్టు చివర్లో. తొమ్మిది నెలలకి పైగా.

రెండోది, జట్టు కొత్తది. పన్నెండో తరగతి పిల్లలు మేలో స్కూల్ వదిలి వెళ్లిపోతారు. పోయినేడాది క్వార్టర్‌బ్యాక్ ఇప్పుడు ఏదో కాలేజీలో ఉంటాడు. అతని చోట్లో పదహారేళ్ల పిల్లాడు నిలబడతాడు. వాడు పెద్ద మ్యాచ్‌లో ఎలా ఆడతాడో కోచ్‌కి కూడా పూర్తిగా తెలీదు. ఆగస్టు ఎండల్లో ప్రాక్టీస్ చూసిన తల్లిదండ్రులకి ఒక అంచనా ఉంటుంది, అంతే. ఆ రాత్రి ఊరికి అందేది ఒక కబురు: ఈ ఏడు మనవాళ్లు పనికొస్తారు.

మూడోది, ఆడేవాళ్లు తెలిసినవాళ్లు. స్కూల్ హద్దుల్లో ఉండే ఇళ్ల పిల్లలే జట్టు. కిరాణా కొట్లో సామాను సంచిలో వేసే పిల్లాడే శుక్రవారం రాత్రి టచ్‌డౌన్ చేస్తాడు. శనివారం మళ్లీ అదే కొట్లో ఉంటాడు.

గెలిచిన జనంలో ఐదు రకాలు

మ్యాచ్ అయ్యాక పార్కింగ్ లాట్ దాటడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో చెవిన పడే మాటల్ని బట్టి అభిమానుల్ని నేను ఐదు రకాలుగా లెక్కేసుకున్నాను.

ఒకటి, 'ఇదే మన ఏడాది' రకం. ఒక్క గెలుపుకే డిసెంబర్ ఫైనల్‌కి టికెట్లు కొనేద్దాం అనేవాళ్లు. ఎక్కువగా స్టూడెంట్ సెక్షన్ కుర్రాళ్లు. అందరూ ఒకే రంగు బట్టలేసుకుని, ముఖాలకి రంగు పూసుకుని, మూడు గంటలూ నిలబడే చూస్తారు. గెలవగానే జట్టు పరిగెత్తుకొచ్చేది వాళ్ల దగ్గరికే.

రెండు, గెలిచినా గొణిగే రకం. "పెనాల్టీలు చూశావా? ఆ కిక్కింగ్‌తో డిస్ట్రిక్ట్‌లో నెగ్గుకొస్తామా?" అంటారు. మన పెళ్లిళ్లలో పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పే పెద్దాయన అన్ని దేశాల్లోనూ ఉంటాడు. నిజానికి ఆట బాగా తెలిసినవాళ్లు వీళ్లే. పక్కన కూర్చుంటే చాలా నేర్చుకోవచ్చు.

మూడు, పాతకాలం వాళ్లు. ఇదే స్కూల్లో ముప్పయ్యేళ్ల కింద చదివినవాళ్లు. ఈ క్వార్టర్‌బ్యాక్‌ని ఫలానా సంవత్సరం క్వార్టర్‌బ్యాక్‌తో పోలుస్తారు. ఓపిగ్గా వింటే ఊరి చరిత్ర మొత్తం చెప్తారు.

నాలుగు, ఆటగాళ్ల తల్లిదండ్రులు. అందరూ స్కోర్‌బోర్డ్ చూస్తుంటే వీళ్లు ఒక్క నంబర్‌నే చూస్తారు. గుట్టలా పడ్డ పిల్లల్లోంచి తమవాడు లేచి నిలబడేదాకా ఊపిరి బిగబట్టుకుంటారు. గెలిచాక వాళ్ల ముఖంలో కనబడేది సంతోషం కన్నా ఎక్కువగా, హమ్మయ్య అన్న భావం.

ఐదు, బ్యాండ్ తల్లిదండ్రులు. మనవాళ్లు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. మా మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో జరుగుతుంది. వేసవి సెలవులు ముగియకముందే పిల్లలు ఎండలో అడుగులు నేర్చుకుని ఉంటారు. వందమందో రెండువందలమందో ఒకే గీత మీద నడుస్తూ వాయిస్తుంటే, అందులో మన పిల్ల ఎక్కడుందో వెతుక్కోవడమే పని.

ఈ ఐదు రకాలూ చివర్లో ఒక్కటవుతాయి. మ్యాచ్ అయ్యాక బ్యాండ్ స్కూల్ పాట వాయిస్తుంది. జట్టు, చీర్‌లీడర్లు, గ్యాలరీ అందరూ నిలబడి పాడతారు. గొణిగిన పెద్దాయన కూడా.

శుక్రవారమే ఎందుకు

శుక్రవారం రాత్రిని కాపాడటానికి ఈ దేశంలో ఒక చట్టమే ఉంది. 1961 నాటి స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం. టీవీ హక్కులన్నీ కలిపి అమ్ముకునే వీలు ప్రొఫెషనల్ లీగులకి ఇచ్చే ఆ చట్టంలో ఒక షరతు ఉంది. సెప్టెంబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య వరకు శుక్రవారం సాయంత్రాలు, శనివారాలు హైస్కూల్, కాలేజీ మ్యాచ్‌లు జరిగే చోటికి 75 మైళ్ల లోపున్న స్టేషన్లలో ప్రొఫెషనల్ మ్యాచ్ చూపిస్తే ఆ రక్షణ వర్తించదు. అందుకే సీజన్ నడుమ ఎన్ఎఫ్ఎల్ వాళ్లు ఆదివారం, సోమవారం, గురువారం ఆడతారు గానీ శుక్రవారం జోలికి పెద్దగా రారు.

అయితే ఈ పిచ్చి అన్ని ఊళ్లలో ఒక్కలా ఉండదు. ఆలెన్ ఊరికంతటికీ ఒకటే హైస్కూల్, అందులో వేలమంది పిల్లలు. కాబట్టి ఊరంతా ఒకే జట్టు వెనక నిలబడుతుంది. ఫ్రిస్కోలో డజను హైస్కూళ్లు స్టేడియాలు పంచుకుంటాయి. అందుకని అక్కడ గురువారం కూడా మ్యాచ్‌లు పెడతారు, జనం కూడా విడిపోతారు. "మా దగ్గర అంత హడావిడి లేదే" అని ఫ్రిస్కో శ్రోతలు అనేది ఇందుకే. అదే పశ్చిమ టెక్సస్ పల్లెల్లోకి వెళ్తే, పదకొండు మంది దొరకని చిన్న స్కూళ్లు ఆరుగురితోనే ఫుట్‌బాల్ ఆడతాయి. ఆ రాత్రి ఊళ్లో ఎవరైనా కావాలంటే స్టేడియంలోనే వెతకాలి.

ఆలెన్ కథ ఒకటి చెప్పుకోవాలి. 2012 ఆగస్టు 31న అక్కడ కొత్త ఈగల్ స్టేడియం మొదలైంది. 18,000 సీట్లు, సుమారు 6 కోట్ల డాలర్ల ఖర్చు. మొదటి మ్యాచ్‌లో ఎదురుగా వచ్చింది ముందు ఏడాది రాష్ట్ర ఛాంపియన్ సౌత్‌లేక్ క్యారల్. ఆలెన్ 24-0తో గెలిచింది. ఆ రాత్రి ఊరు ఎలా ఊగిందో ఊహించుకోవచ్చు. ఆ ఏడాది, తర్వాతి రెండేళ్లూ రాష్ట్ర టైటిల్ వాళ్లదే.

ఇందులో ఒక మెలిక ఉంది. 2014లో స్టేడియం కాంక్రీటులో పగుళ్లు బయటపడి మూసేశారు. ఆ సీజన్ మొత్తం జట్టు వేరే చోట్ల ఆడి కూడా టైటిల్ గెలిచింది. జనం వెళ్లింది 6 కోట్ల డాలర్ల కాంక్రీటు కోసం కాదన్నమాట.

ఆ స్టేడియంలో మన డబ్బూ ఉంది

చాలామంది మనవాళ్లు "అది వాళ్ల ఆటండీ" అని పక్కకి జరుగుతారు. నేను ఒప్పుకోను. కారణం సెంటిమెంట్ కాదు, పన్ను బిల్లు.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. స్కూళ్లు ఎక్కువగా ఆస్తి పన్ను మీద నడుస్తాయి. ఇల్లున్నవాళ్ల బిల్లులో సాధారణంగా అన్నిటికన్నా పెద్ద భాగం స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. అద్దెకున్నవాళ్లు కూడా అద్దె రూపంలో కడుతూనే ఉన్నారు. ఆ పన్నులో రెండు భాగాలుంటాయి. ఒకటి జీతాలు, రోజువారీ ఖర్చులకి. రెండోది అప్పు తీర్చడానికి. స్టేడియాలు కట్టేది సాధారణంగా ఆ అప్పుతో, అంటే బాండ్లతో. బాండ్ డబ్బుని టీచర్ల జీతాలకి వాడకూడదు. "స్టేడియం బదులు టీచర్లకి ఇవ్వొచ్చుగా" అన్న వాదన వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బాండ్‌కి ఓటర్లు ఒప్పుకోవాలి. ఆలెన్ స్టేడియం 2009లో ఓటర్లు ఒప్పుకున్న 11.9 కోట్ల డాలర్ల బాండ్‌లో భాగం. 2019లో మారిన చట్టం ప్రకారం వెయ్యి సీట్లు దాటిన స్టేడియాన్ని బ్యాలట్ మీద విడిగా చూపించాలి. ఓటు మాత్రం పౌరులకే. హెచ్-1బీ మీదున్నవాళ్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు పన్ను కడతారు, ఓటు వేయలేరు. స్టేడియం కట్టాలా వద్దా అన్నప్పుడు మనల్ని అడగలేదు. కట్టాక అందులో కూర్చోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. టికెట్ చాలు.

ఆట గురించి తెలియాల్సింది ఇంతే

ఫుట్‌బాల్‌ని కబడ్డీకి చుట్టం అనుకోండి. రెండూ నేల కోసం పోట్లాటే. బంతి ఉన్న జట్టుకి పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు, వాటినే 'డౌన్' అంటారు. పది గజాలు దాటితే మళ్లీ నాలుగు. దాటకపోతే బంతి అవతలివాళ్లకి. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆపైన అదనంగా ఒకటో రెండో తెచ్చుకునే ఛాన్స్. కర్రల మధ్యలోంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. పన్నెండేసి నిమిషాల నాలుగు భాగాలు. గడియారం ఆగుతూ సాగుతూ రెండున్నర మూడు గంటలు పడుతుంది.

ఒక్క మర్యాద మాత్రం మనకి తలకిందులుగా ఉంటుంది. క్రికెట్‌లో మన బ్యాట్స్‌మన్ ఆడుతుంటే అరుస్తాం. ఇక్కడ బంతి మన జట్టు దగ్గరున్నప్పుడు, ఆట మొదలయ్యే ముందు నిశ్శబ్దంగా ఉండాలి. క్వార్టర్‌బ్యాక్ చెప్పే మాట తనవాళ్లకి వినబడాలి కదా. బంతి అవతలివాళ్ల దగ్గరున్నప్పుడు గొంతు చించుకోవాలి, ముఖ్యంగా మూడో డౌన్‌లో. ఇదొక్కటి పాటిస్తే పక్కవాళ్లు మిమ్మల్ని కొత్తవాళ్లు అనుకోరు.

మిగతావి చిన్నవి. టికెట్ చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే ముందు కొనుక్కోవాలి. బ్యాగ్ తీసుకెళ్తే పారదర్శకంగా ఉండాలి. అవతలి జట్టు రంగు చొక్కా వేసుకోకండి. ఆగస్టులో రాత్రి ఏడుకి కూడా ఎండ కాస్తుంది, నీళ్లు బాగా తాగి వెళ్లండి. తిండి అమ్మే స్టాల్‌లో ఫ్రీటో పై మీద పోసే చిల్లీలో మామూలుగా బీఫ్ ఉంటుంది. తిననివాళ్లు పాప్‌కార్న్, ప్రెట్జెల్ తీసుకోవచ్చు. చాలాచోట్ల ఆ స్టాల్ నడిపేది వాలంటీర్ తల్లిదండ్రులే, లాభం పిల్లల కార్యక్రమాలకే. ఆ స్టాల్‌లో ఒక్కసారి నిలబడి నాచోస్ అందిస్తే, పదిమందికి మీ పేరు తెలుస్తుంది. ఇంగ్లీష్ తడబడినా అక్కడ పనికి అడ్డం రాదు.

పిల్లలు చేరతామంటే

వీసా భయం వద్దు. ఇమిగ్రేషన్ స్థితి కారణంగా పిల్లలకి ప్రభుత్వ స్కూల్ చదువు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది కూడా టెక్సస్‌లోని టైలర్ ఊళ్లోనే.

చదువు భయమూ వద్దు. 1984 నుంచి టెక్సస్‌లో 'పాస్ కాకపోతే ఆట లేదు' అనే చట్టం ఉంది. ఏ సబ్జెక్ట్‌లోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకి దూరం. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకి మినహాయింపు ఉంటుంది. బ్యాండ్‌కీ ఇదే వర్తిస్తుంది.

కాంట్రాక్ట్ మారినప్పుడల్లా అపార్ట్‌మెంట్ మారేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పెద్ద జట్టులో, అంటే వర్సిటీలో, ఆడాలంటే ఇల్లు ఆ స్కూల్ హద్దుల్లో ఉండాలి. ఒక స్కూల్లో ఆడి ఇంకోదానికి మారితే పాత స్కూల్ సంతకంతో ఒక ఫారం కావాలి. లీజ్ రాసే ముందే స్కూల్‌ని అడగండి.

భయపడాల్సింది దెబ్బల గురించి. తలకి దెబ్బలు ఎక్కువగా తగిలే హైస్కూల్ ఆటల్లో ఫుట్‌బాల్ ముందుంటుంది. 2011 టెక్సస్ చట్టం ప్రకారం కంకషన్ అనుమానం వస్తే పిల్లాణ్ణి వెంటనే ఆపాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు, డాక్టర్ రాసిచ్చాకే తిరిగి ఆడాలి. "కొంచెం తల తిరిగిందంతే నాన్నా" అంటే వదిలేయకండి. ఆసుపత్రి ఖర్చులో స్కూల్ ఇన్సూరెన్స్ ఎంత భరిస్తుందో, మీది ఎంత భరిస్తుందో ఆగస్టు ముందే కనుక్కోండి. వద్దు అనాలనిపిస్తే అనొచ్చు, తప్పు లేదు. కానీ ఆట తెలీక వద్దనడం వేరు, తెలిసి వద్దనడం వేరు.

ఇక ఆ శ్రోతకి జవాబు

వెళ్లండి. మొదటి మ్యాచ్ అయిపోయినా పర్లేదు, సొంత మైదానంలో ఇంకా నాలుగైదు ఉంటాయి. షెడ్యూల్ స్కూల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇప్పుడే మీ సూపర్‌వైజర్‌కి తేదీలు చెప్పి ఒక్క శుక్రవారం షిఫ్ట్ మార్చుకోండి.

ఎందుకు తొందరంటే, పిల్లలు ఇక్కడ హైస్కూల్లో ఉండేది నాలుగేళ్లే. మనలో హెచ్-4 మీద పిల్లలున్నవాళ్లకి ఇంకో లెక్క కూడా తెలుసు. 21 నిండితే ఆ వీసా ఆగిపోతుంది, తర్వాత ఎక్కడుంటారో చెప్పలేం. ఈ ఊరు తమదేనా అన్న ప్రశ్న వాళ్లకి ముందుముందు ఎదురవుతుంది. శుక్రవారం రాత్రి యూనిఫాం వేసుకుని మైదానంలోకి నడిచేటప్పుడు ఆ ప్రశ్న ఉండదు. ఆ గీత మీద వాళ్ల చోటు వాళ్లది.

వచ్చే ఆగస్టులో మాత్రం మొదటి మ్యాచ్‌కే వెళ్లండి. కొత్తవాళ్లకి అంతకన్నా మంచి రోజు లేదు. ఆ రాత్రి జట్టు ఎలా ఆడుతుందో ముప్పయ్యేళ్లుగా చూస్తున్న పెద్దాయనకీ తెలీదు, మీకూ తెలీదు. అందరూ ఒకేసారి తెలుసుకుంటారు.

మీ ఊరి స్కూల్ మ్యాచ్‌కి వెళ్లినవాళ్లెవరైనా ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. ముఖ్యంగా గల్ఫ్, మలేషియా శ్రోతలు: మీరున్న చోట ఊరంతా కదిలే ఆట ఏదో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.